అమ్మ గుర్తుపట్టాలని చేసిన సౌండ్

ఫెస్ట్‌లో బ్యాండ్ స్టేజ్ ఎక్కినప్పుడు అందరూ సింగర్ మొహం వైపే చూస్తారు. ఈసారి ఒక్కసారి గిటారిస్టు కాళ్ల దగ్గర చూడండి. రంగురంగుల చిన్న ఇనుప డబ్బాలు నాలుగైదు వరసగా ఉంటాయి. అందులో ఒకదాన్ని కాలితో నొక్కి ఒక్క స్వరం మీటితే, అదే స్వరం మళ్లీ వినిపిస్తుంది, మళ్లీ వినిపిస్తుంది, చిన్నదైపోతూ చివరికి ఆగిపోతుంది. చిన్నప్పుడు ఊళ్లో పాత బావిలోకి తొంగిచూసి పేరు పెట్టి అరిస్తే తిరిగొచ్చే గొంతు లాగా. దాన్నే డిలే పెడల్ అంటారు.

మనలాంటి కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఇది పెద్ద విషయం కాదు. ఒక అర్రే, దాని చుట్టూ తిరిగే ఒక ఇండెక్స్, మధ్యలో ఒక గుణకారం. పది లైన్ల కోడ్. నేనూ అలాగే అనుకుని ఒక రాత్రి కూర్చుని రాశాను, పనిచేసింది కూడా. కానీ ఆ పది లైన్ల వెనకాల అర్రే అనే మాటే లేని రోజుల్లో, ఒక గరాజ్‌లో, చేతికి దొరికిన సామాన్లతో ఇదే పని చేసిన మనిషి ఒకడున్నాడని తర్వాత తెలిసింది. ఆయన పేరు లెస్ పాల్. గిటార్ మీద ఆసక్తి ఉన్నవాళ్లకి ఆ పేరు ఒక గిటార్ మోడల్ పేరుగా తెలుసు. అది ఒక మనిషి పేరని చాలామందికి తెలియదు. ఈ వ్యాసం ఆ మనిషి గురించి.

అసలు పేరు లెస్టర్ విలియం పోల్స్‌ఫస్. 1915 జూన్ 9న అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాకెషా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోయారు, తల్లి ఎవెలిన్ దగ్గరే పెరిగాడు. ఈ కథలో వాళ్లమ్మ చాలా ముఖ్యమైన మనిషి, గుర్తుపెట్టుకోండి.

ఇంట్లో ఒక ప్లేయర్ పియానో ఉండేది. అంటే తనంతట తానే వాయించుకునే పియానో. చిల్లులు పెట్టిన కాగితం చుట్ట ఒకటి లోపల తిరుగుతుంది, ఎక్కడ చిల్లు ఉంటే అక్కడ ఆ మెట్టు మోగుతుంది. మన సీనియర్ ప్రొఫెసర్లు చెప్పే పంచ్ కార్డులకి ఇది దాదాపు అన్నయ్య లాంటిది. కుర్రాడు ఆ చుట్ట బయటికి తీసి తనకి నచ్చినచోట కొత్త చిల్లులు పెట్టేవాడు. తప్పు చిల్లు పడితే కాగితం అతికించి మూసేసేవాడు. ఉన్న పాట మీద తన స్వరాలు కలుపుకోవడం అన్నమాట. జీవితమంతా చేసిన పని ఆయన అక్కడే మొదలుపెట్టాడు.

పియానో నేర్పే టీచర్ మాత్రం ఈ పిల్లాడికి సంగీతం రాదు, ఫీజు దండగ చేసుకోవద్దని తల్లికి చీటీ రాసి పంపిందట. వాళ్లమ్మ ఆ చీటీని పట్టించుకోలేదు. కొడుకు రోడ్డు పని చేసే ఒక మనిషి దగ్గర హార్మోనికా సంపాదించుకున్నాడు. తర్వాత గిటార్ వచ్చింది. రెండూ ఒకేసారి వాయించాలంటే చేతులు చాలవు కాబట్టి, మెడకి తగిలించుకునే తీగ స్టాండ్ ఒకటి తనే చేసుకున్నాడు.

పదమూడేళ్లు దాటేసరికి ఊరి బయట రోడ్డు పక్కన ఒక తిండి కొట్టు దగ్గర పాడటం మొదలుపెట్టాడు. కార్లలోనే కూర్చుని తినేవాళ్లు ప్రేక్షకులు. వాళ్లకి వినపడాలి కదా, అందుకని టెలిఫోన్‌లో మాట్లాడే భాగం ఊడదీసి మైక్ చేశాడు, ఇంట్లో రేడియోని స్పీకర్ చేశాడు. అంతా బాగానే ఉంది కానీ ఒక శ్రోత కారులోంచి చీటీ పంపించాడు. పాటా హార్మోనికా వినిపిస్తున్నాయి, గిటారే వినిపించట్లేదని దాని సారాంశం.

వేరే ఎవరైనా అయితే గిటార్ ఇంకొంచెం గట్టిగా మీటేవాళ్లు. ఈ కుర్రాడు గ్రామఫోన్ పికప్ ఊడదీసి దాని ముల్లుని గిటార్ చెక్కలోకి గుచ్చాడు. ఇంకో రేడియోకి కలిపాడు. గిటార్ గట్టిగా వినిపించింది. కానీ వెంటనే కొత్త సమస్య: స్పీకర్ శబ్దానికి గిటార్ బోలు పొట్ట కంపించి, ఆ కంపనం మళ్లీ పికప్‌లోకి వెళ్లి, కూ అని ఒకటే గోల. మైక్ స్పీకర్ ముందు పెడితే సెమినార్ హాల్లో వచ్చే గోలే ఇది. గిటార్ పొట్టలో గుడ్డలు కుక్కాడు. తగ్గింది కానీ పోలేదు. అసలు పొట్టే లేకపోతే ఏమవుతుందని ఆలోచించి, రైలు పట్టా ముక్క ఒకటి సంపాదించి దానిమీద ఒక తీగ బిగించి, కింద టెలిఫోన్ రిసీవర్ భాగం పెట్టాడు. ఇనుము కంపించదు, తీగ ఒక్కటే కంపిస్తుంది. శబ్దం శుభ్రంగా, చాలాసేపు నిలబడింది. పరిగెత్తుకెళ్లి వాళ్లమ్మకి చెప్పాడు. గుర్రం మీద కూర్చుని రైలు పట్టా వాయించే కౌబాయ్‌ని నేనెప్పుడూ చూడలేదురా అన్నట్టు ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది. ఈ కథ ఆయన ముసలితనంలో కూడా నవ్వుతూ చెప్పుకునేవాడు.

హైస్కూల్ మధ్యలో మానేసి సెయింట్ లూయిస్, ఆ తర్వాత షికాగో వెళ్లాడు. అక్కడ రేడియోలో పొద్దున పూట రూబార్బ్ రెడ్ అనే పేరుతో పల్లె పాటలు, రాత్రిళ్లు లెస్ పాల్ అనే పేరుతో జాజ్. పల్లె పాటలు డబ్బుల కోసం, జాజ్ ప్రాణం కోసం. ఫ్రాన్స్‌లో ఉండే జాంగో రైన్‌హార్ట్ రికార్డులు విని పిచ్చెక్కిపోయాడు. 1938లో తన ట్రియోతో న్యూయార్క్ చేరి ఫ్రెడ్ వేరింగ్ ఆర్కెస్ట్రాలో చేరాడు. దేశమంతా రేడియోలో వినే ఆర్కెస్ట్రా అది.

రైలు పట్టా ఆలోచన మాత్రం వదల్లేదు. 1941 ప్రాంతంలో న్యూయార్క్‌లోని ఎపిఫోన్ గిటార్ ఫ్యాక్టరీ వాళ్లని అడిగి, ఆదివారాలు ఎవరూ లేనప్పుడు అక్కడ పని చేసుకున్నాడు. నాలుగు అంగుళాల మందం, నాలుగు అంగుళాల వెడల్పు ఉన్న పైన్ చెక్క దూలం, దానికి ఒక గిటార్ మెడ, తనే చుట్టుకున్న పికప్‌లు. దాని పేరే దుంగ. తీసుకెళ్లి ఒక చోట వాయిస్తే జనం పెద్దగా పట్టించుకోలేదు. అప్పుడు ఒక మామూలు గిటార్‌ని నిలువునా కోసి ఆ రెండు సగాలూ దుంగకి రెండు పక్కలా రెక్కల్లా తగిలించాడు. శబ్దంలో ఏ తేడా లేదు, కానీ చూడ్డానికి గిటార్ లాగుంది. జనం చప్పట్లు కొట్టారు. మనుషులు చెవుల కంటే ముందు కళ్లతో వింటారని ఆయనకి ఆ రోజు అర్థమైంది. యూఐ బాగుంటేనే బ్యాక్ ఎండ్‌కి విలువ అని మనం ప్రాజెక్ట్ రివ్యూల్లో నేర్చుకునేది కూడా ఇదే.

గిబ్సన్ కంపెనీకి తీసుకెళ్లి చూపిస్తే వాళ్లు నవ్వి పంపించేశారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. గట్టి చెక్క గిటార్‌ని లెస్ పాల్ ఒక్కడే కనిపెట్టాడని కొన్నిచోట్ల రాస్తారు. అది నిజం కాదు. ఆ ఆలోచన అప్పట్లో చాలామంది బుర్రల్లో తిరుగుతోంది. లియో ఫెండర్ 1950లోనే అలాంటి గిటార్‌ని ఫ్యాక్టరీలో తయారుచేసి అమ్మాడు. అది చూశాకే గిబ్సన్ వాళ్లకి దుంగ కుర్రాడు గుర్తొచ్చాడు. 1952లో బంగారు రంగుతో లెస్ పాల్ మోడల్ బయటికొచ్చింది. దాని డిజైన్‌లో ఎక్కువ భాగం గిబ్సన్ ఇంజనీర్లదే.

మళ్లీ వెనక్కి వెళ్దాం. 1943లో లెస్ హాలీవుడ్ చేరాడు. యుద్ధకాలంలో సైనికుల రేడియోలో పనిచేశాడు. అప్పట్లో అమెరికా మొత్తం మీద పెద్ద గాయకుడైన బింగ్ క్రాస్బీ పక్కన వాయించాడు. 1945లో వాళ్లిద్దరూ కలిసి చేసిన పాట పెద్ద హిట్టయింది. శబ్దం గురించి ఇంత తాపత్రయపడేవాడివి, సొంత స్టూడియో కట్టుకోమని క్రాస్బీయే ప్రోత్సహించాడు. లెస్ తన ఇంటి గరాజ్‌ని స్టూడియో చేశాడు. రికార్డులు కోసే యంత్రం కొనే బదులు తనే తయారుచేశాడు. అది ఊగకుండా స్థిరంగా తిరగడానికి కాడిలాక్ కారు ఫ్లైవీల్ వాడాడు.

1946లో ఆండ్రూస్ సిస్టర్స్ అనే ప్రసిద్ధ బృందంతో టూర్‌లో ఉండగా అసలు మలుపు వచ్చింది. వాళ్లమ్మ నిన్న రాత్రి రేడియోలో నీ వాయింపు విన్నాను, చాలా బాగుంది అని చెప్పింది. కానీ నిన్న రాత్రి ఆ టైమ్‌కి ఆయన రేడియోలో లేడు, స్టేజ్ మీద ఉన్నాడు. ఆవిడ విన్నది ఇంకెవరినో. ఆయన్ని చూసి ఆయన లాగా వాయించేవాళ్లు అప్పటికే తయారయ్యారు.

దీన్ని ఆయన తేలిగ్గా తీసుకోలేదు. విమర్శకుడు గుర్తుపట్టకపోతే సర్దుకుపోవచ్చు. కన్నతల్లే గుర్తుపట్టలేకపోతే ఇక తన సంగీతంలో తనదంటూ ఏముంది? బాగా డబ్బులొస్తున్న టూర్ వదిలేసి గరాజ్‌కి వెళ్లిపోయాడు. వాళ్లమ్మ వినగానే ఇది మా అబ్బాయే అనాలి, అలాంటి సౌండ్ దొరికేవరకూ బయటికి రానని నిర్ణయించుకున్నాడు.

ఆయన వెతికిన వాటిలో ఒకటి ఎకో. అప్పట్లో ఎకో కావాలంటే పెద్ద స్టూడియోల్లో ఒక ఖాళీ గది ఉండాలి. ఒక మూల స్పీకర్, ఇంకో మూల మైక్ పెట్టి, గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే శబ్దాన్ని పట్టుకునేవారు. గరాజ్‌లో అంత చోటెక్కడిది? పైగా ఆయనకి కావలసింది గదిలో మోగినట్టుండే గందరగోళం కాదు. మీటిన స్వరం, కొంచెం ఆగి అదే స్వరం, స్పష్టంగా. దానికి ఆయనకి తట్టిన ఉపాయం చాలా చిన్నది. రికార్డు చేసే తల వెనకాలే వినిపించే తల ఇంకోటి పెడితే? ఇప్పుడే రాసిన శబ్దం ఒక్క క్షణం తర్వాత దానికిందికి వస్తుంది. అదే ఎకో. గది అక్కర్లేదు, రెండు తలల మధ్య దూరం చాలు.

మొదట ఇది డిస్కు మీద చేశాడు, తర్వాత టేపు మీద. టేపు లెక్క మనకి తేలిగ్గా అర్థమవుతుంది. రెండు తలల మధ్య 2 అంగుళాలు ఉందనుకుందాం. టేపు సెకనుకి 15 అంగుళాలు నడుస్తుంది. 2ని 15తో భాగిస్తే సెకనులో 0.133 వంతు, అంటే 133 మిల్లీసెకన్ల ఆలస్యం. టేపు వేగం సగం చేస్తే ఆలస్యం రెట్టింపై 267 మిల్లీసెకన్లు అవుతుంది. ఆ తిరిగొచ్చిన శబ్దాన్నే కొంచెం తగ్గించి మళ్లీ రికార్డింగ్ తలకి పంపితే, ఎకోకి ఎకో, దానికి ఇంకో ఎకో. ఎంత తగ్గించి పంపితే అంత తొందరగా ఆగిపోతుంది. తగ్గించకుండా పంపితే ఎప్పటికీ ఆగదు, పెరిగి పెరిగి చెవులు బద్దలవుతాయి.

ఇప్పుడు పెడల్ మీద ఉండే మూడు గుండీలు చూడండి. టైమ్, ఫీడ్‌బ్యాక్, మిక్స్. మొదటిది తలల మధ్య దూరం. రెండోది ఎంత వెనక్కి పంపాలన్నది. మూడోది అసలు శబ్దంలో ఎకో ఎంత కలపాలన్నది. నా కోడ్‌లో సెకనుకి 44,100 శాంపిళ్లు. 133 మిల్లీసెకన్లకి సరిగ్గా 5,880 గడుల అర్రే వచ్చింది. చివరి గడి దాటాక ఇండెక్స్ మళ్లీ సున్నాకి వస్తుంది. సర్క్యులర్ బఫర్ అని డేటా స్ట్రక్చర్స్ పరీక్షలో ఐదు మార్కులకి రాసేది ఇదే. ఆయన దగ్గర అర్రే బదులు రెండు అంగుళాల టేపు ఉంది, అంతే తేడా.

రెండో ప్రయోగం ఒకే మనిషి పది మంది లాగా వాయించడం. ఒక డిస్కు మీద ఒక గిటార్ రికార్డు చేస్తాడు. అది వినిపిస్తూ దానితోపాటు ఇంకోటి వాయిస్తాడు, రెండూ కలిపి రెండో డిస్కు మీద పడతాయి. దానిమీద మూడోది. కొన్ని భాగాలు సగం వేగంతో రికార్డు చేసి మామూలు వేగంతో వినిపించేవాడు. అప్పుడు గిటార్ ఒక స్థాయి పైకి వెళ్లి, మనిషి వేళ్లకి సాధ్యంకాని వేగంతో చిలిపిగా పరిగెడుతుంది. ఇలా ఎనిమిది గిటార్లు పేర్చి చేసిన లవర్ అనే పాటని 1948 మొదట్లో కాపిటల్ కంపెనీ విడుదల చేసింది. శ్రోతలు అలాంటి శబ్దం అంతకుముందు విని ఉండలేదు.

ఆ పాట రేడియోల్లో మోగుతున్నప్పుడు ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు.

1948 జనవరిలో, లెస్, ఐరిస్ కొలీన్ సమ్మర్స్ అనే యువ గాయని కలిసి కారులో వెళ్తున్నారు. మేరీ ఫోర్డ్ అని తర్వాత ప్రపంచానికి తెలిసిన పేరు ఆమెదే. ఓక్లహోమాలో మంచు పేరుకున్న రోడ్డు మీద కారు జారి వంతెన పక్కనుంచి కిందికి పడిపోయింది. ఆమె బతికి బయటపడింది. ఆయనకి చాలాచోట్ల ఎముకలు విరిగాయి. అన్నిటికంటే ఘోరం కుడి మోచేయి. ముక్కలైపోయింది. చెయ్యి తీసేయాల్సి రావచ్చన్న మాట కూడా వచ్చింది. నిలబెట్టినా మోచేయి ఇక మడవడం, చాపడం ఉండదు, ఏ కోణంలో అతికిస్తే జీవితాంతం ఆ కోణంలోనే ఉంటుందని డాక్టర్లు చెప్పారు.

అలాంటప్పుడు మనమైతే ఏ కోణం అడుగుతాం? అన్నం తినడానికి, చొక్కా తొడుక్కోవడానికి, ఒకరికి చెయ్యి కలపడానికి వీలైనది అడుగుతాం. ఆయన గిటార్ ఒళ్లో పెట్టుకుంటే తీగల మీదికి చెయ్యి ఎలా వస్తుందో ఆ కోణంలో బిగించమన్నాడు. వాళ్లు అలాగే బిగించారు. ఒంటికి ఒక్కసారే దొరికే కాన్ఫిగరేషన్‌ని ఆయన గిటార్‌కి రాసిచ్చేశాడు. కోలుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ తర్వాత బతికిన అరవై ఏళ్లూ ఆ చెయ్యి అలాగే ఉంది.

1949 చివర్లో లెస్, మేరీ పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది క్రాస్బీ ఆయనకి ఆంపెక్స్ కంపెనీ టేప్ రికార్డర్ బహుమతిగా ఇచ్చాడు. అప్పటికి అమెరికాలో టేపు చాలా కొత్త. లెస్ దానికి ఇంకో తల అదనంగా పెడితే చాలనుకున్నాడు. పాత శబ్దాన్ని చెరిపే తల కంటే ముందు ఒక వినిపించే తల పెట్టాడు. టేపు మీదున్న పాత పాటని అది చదువుతుంది, లెస్ దానితో కలిసి కొత్తది వాయిస్తాడు, ఈలోగా పాతది చెరిగిపోతుంది, రెండూ కలిసి అదే టేపు మీద పడతాయి. గరాజ్ అంత యంత్రం అక్కర్లేదు. ఏ ఊళ్లో హోటల్ గదిలోనైనా స్టూడియో తెరవచ్చు. నిజంగానే వాళ్లిద్దరూ అలా హోటల్ గదుల్లో రికార్డు చేశారు.

కానీ ఇందులో ఒక భయంకరమైన షరతు ఉంది. డిస్కుల పద్ధతిలో ఏడో గిటార్ తప్పు పోతే ఆరో డిస్కు చేతిలో ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ప్రతి అడుగూ ఒక కమిట్, వెనక్కి వెళ్లచ్చు. టేపులో అలా కాదు. పాతది చెరిగితేనే కొత్తది పడుతుంది. పదో పొర వాయిస్తున్నప్పుడు ఒక్క వేలు జారినా, మేరీ గొంతు ఒక్కచోట వణికినా, మొత్తం పది పొరలూ పోయినట్టే. మళ్లీ మొదటి నుంచి. అండూ లేదు, బ్యాకప్ లేదు. పైగా ఒక్కో పొర వేసేకొద్దీ కింది పొరలు కొంచెం కొంచెం మసకబారతాయి. అందుకని ముఖ్యం కాని భాగాలు ముందు, అసలు గొంతు, అసలు గిటార్ చివర రికార్డు చేసేవాళ్లు. అంటే పాటని తలకిందులుగా ఊహించుకుంటూ కట్టాలి. తప్పు చేయకూడని భాగం, మనిషి బాగా అలిసిపోయాక వస్తుంది.

ఈ పద్ధతిలో న్యూయార్క్ జాక్సన్ హైట్స్‌లో చేసిన హౌ హై ద మూన్ 1951లో తొమ్మిది వారాలు దేశంలో నంబర్ వన్‌గా ఉంది. అప్పటికే ఎంతోమంది పాడిన పాత పాట కదా అని కంపెనీ వాళ్లు మొదట ఒప్పుకోలేదు. ఒక్క మేరీ గొంతు అరడజను మంది అక్కాచెల్లెళ్లు పాడినట్టు, ఒక్క లెస్ గిటార్ ఒక ఆర్కెస్ట్రా లాగా వినిపించింది. మేరీ మైక్‌కి బాగా దగ్గరగా నిలబడి మెల్లగా పాడేది, చెవి దగ్గర పాడినట్టుండేది. ఇవాళ ప్రతి సింగరూ చేసే పని అప్పట్లో కొత్త. 1953లో వచ్చిన వాయా కాన్ దియోస్ పదకొండు వారాలు నంబర్ వన్. ఇక రేడియోలో ఇంకొకర్ని విని ఇది మా లెస్టర్ అనుకునే అవకాశం వాళ్లమ్మకి లేకుండా పోయింది.

రేడియో కార్యక్రమంలో ఆయన ఒక సరదా అబద్ధం కూడా ఆడేవాడు. తన దగ్గర లెస్ పాల్వరైజర్ అనే మాయపెట్టె ఉందని, దాంట్లో ఏం పెట్టినా పదింతలై బయటికొస్తుందని. ఇంతమంది శబ్దం ఎక్కడ్నుంచి వస్తోందో జనానికి చెప్పాలి కదా. తీరా స్టేజ్ షోలకి వెళ్తే జనం ఆ పెట్టె చూపించమన్నారు. చివరికి 1950 దశకం మధ్యలో నిజంగానే ఒకటి తయారుచేశాడు. గిటార్‌కి తగిలించిన చిన్న పెట్టె, దాని గుండీలు నొక్కితే తెర వెనకాల టేప్ రికార్డర్లు ఆడతాయి, ఆగుతాయి. ఇవాళ ఒక్క గిటారిస్టు ఒక్కడే నిలబడి, తను వాయించిందాన్నే కాలితో నొక్కి తిప్పి తిప్పి వాడుకునే లూప్ పెడల్‌కి ఇది తాత.

ఈ కథలో ఎక్కువమంది వదిలేసే మనిషి మేరీ. యంత్రాల గురించి రాసేటప్పుడు యంత్రం చేసినవాడి పేరే మిగులుతుంది. కానీ ఆ యంత్రం పనిచేయాలంటే పదోసారి కూడా అదే శ్రుతిలో, అదే ఊపిరితో, ఒక్క తప్పు లేకుండా పాడే గొంతు కావాలి. ఆ గొంతు ఆమెది. ఆమె మంచి గిటారిస్టు కూడా. పగలు ప్రయాణం, సాయంత్రం షో, రాత్రి రికార్డింగ్, ఇంట్లో ఉన్నా టీవీ కార్యక్రమం షూటింగ్. ఇల్లు, స్టూడియో అని తేడా లేకుండా పోయింది. 1954లో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ చనిపోయింది. అయినా పని ఆగలేదు. ఆయనకి ప్రయోగం అంటే ఆకలి, నిద్ర గుర్తుండవు. ఆమెకి గుర్తుంటాయి. 1964లో విడాకులు తీసుకున్నారు. 1977లో, 53 ఏళ్లకే ఆమె చనిపోయింది.

నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం ఇంకోటి ఉంది. పొరలన్నీ ఒకే టేపు మీద కలిసిపోకుండా, ఎనిమిది భాగాలు ఎనిమిది వరసల్లో వేరువేరుగా ఉండే యంత్రం కావాలని లెస్ ఆంపెక్స్ వాళ్లకి చెప్పాడు. ఎనిమిదో భాగం తప్పు పోతే ఆ ఒక్కటే మళ్లీ చేసుకోవచ్చు. మిగతా ఏడూ భద్రం. ఆ కంపెనీ ఇంజనీర్లు చాలా కష్టపడి చేశారు. 1957లో న్యూజెర్సీలోని ఆయన ఇంటికి వచ్చింది. ఖరీదు దాదాపు 10,000 డాలర్లు. అలమరా అంత ఎత్తు, ముద్దుపేరు ఆక్టోపస్. కానీ అది వచ్చేసరికి దేశం రాక్ అండ్ రోల్ వైపు తిరిగిపోయింది, వాళ్ల పెద్ద హిట్లు దాదాపు ఆగిపోయాయి. మేరీని పదిసార్లు మొదట్నుంచి పాడించే అవసరం తీర్చే యంత్రం, ఆ అవసరం తీరిపోయాక వచ్చింది. తర్వాత పదేళ్లకి ప్రపంచంలో ప్రతి స్టూడియో అదే దారిలో నడిచింది. ఫోన్‌లో మనం వాడే రికార్డింగ్ యాప్‌లో ఒకదాని కింద ఒకటి కనిపించే ట్రాకులు ఆ ఆక్టోపస్ కాళ్లే.

ఎకో కూడా ఆయన చేతిలో ఆగలేదు. 1950 దశకంలో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో సామ్ ఫిలిప్స్ రెండు టేప్ రికార్డర్లతో అదే చిట్కా వాడి కుర్రాడు ఎల్విస్ ప్రెస్లీ గొంతుకి ఆ చరుపు తెచ్చాడు. తర్వాత టేపుని చిన్న పెట్టెలో బిగించిన ఎకోప్లెక్స్ వచ్చింది. 1969లో ఫిలిప్స్ కంపెనీ పరిశోధకులు శబ్దాన్ని వోల్టేజ్‌గా మార్చి, కెపాసిటర్ నుంచి కెపాసిటర్‌కి అందించే చిప్ కనిపెట్టారు. మంటలార్పడానికి మనుషులు వరసగా నిలబడి బక్కెట్లు అందించుకున్నట్టే కాబట్టి దాని పేరే బక్కెట్ బ్రిగేడ్. అది వచ్చాక ఎకో కాలి కింద పట్టేంత చిన్నదైంది. ఆ తర్వాత డిజిటల్, ఆ తర్వాత నా పది లైన్ల కోడ్.

లెస్ కొన్నాళ్లు ఆట నుంచి తప్పుకున్నాడు. 1976లో చెట్ ఆట్కిన్స్‌తో చేసిన ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది. 1980లో గుండె ఆపరేషన్. అప్పుడు ఒక కాగితం మీద తనకి నిజంగా ఇష్టమైన పని ఏదో రాసుకుంటే, చిన్న హోటల్లో, దగ్గరగా కూర్చున్న కొద్దిమంది కోసం వాయించడం అని తేలిందట. 1984 నుంచి న్యూయార్క్‌లో ప్రతి సోమవారం రాత్రి వాయించడం మొదలుపెట్టాడు. మొదట ఫ్యాట్ ట్యూజ్‌డేస్ అనే క్లబ్‌లో, తర్వాత ఇరిడియంలో. కీళ్లవాతం వేళ్లని ఒక్కొక్కటిగా బిగించేసింది. ఎడమ చేతిలో చివరికి రెండు వేళ్లే సరిగ్గా కదిలేవి. ఆ రెండు వేళ్లకి తగ్గట్టు తన పాటలన్నీ మళ్లీ నేర్చుకున్నాడు. కుడి చెయ్యి సంగతి 1948లోనే తేలిపోయింది కదా. 90 ఏళ్ల వయసులో ఇంకో రెండు గ్రామీలు గెలిచాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ, అమెరికా ఆవిష్కర్తల హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ ఆయన పేరు ఉంది. ఈ రెండూ ఒకే మనిషికి దక్కడం మామూలు విషయం కాదు.

2009 ఆగస్టులో 94వ ఏట చనిపోయాడు. ఆ ఏడాది వరకూ సోమవారాలు వాయిస్తూనే ఉన్నాడు. వాళ్లమ్మ పెంచిన వాకెషాలోనే సమాధి చేశారు.

నా కోడ్ ఇంకా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. అది పనిచేసిన రోజు చాలా గొప్పగా అనిపించింది. ఇప్పుడు దాన్ని తెరిస్తే ఇంకో ప్రశ్న వస్తోంది. 5,880 గడులు ఎవరైనా నింపచ్చు. అందులో నింపేది ఏమిటి, అది వింటే మా ఇంట్లో ఎవరైనా ఇది మనవాడిదే అని గుర్తుపడతారా? లెస్ పాల్ టూర్ వదిలేసి గరాజ్‌కి వెళ్లింది ఈ ప్రశ్న కోసమే. మన క్లబ్‌లో గిటార్ వాయించేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు, కవితలు రాసేవాళ్లు అందరూ సెమిస్టర్‌కి ఒకసారైనా వేసుకోవాల్సిన ప్రశ్న ఇదేనని నాకనిపిస్తోంది.